ఇంట్లోకి వచ్చిన గొంతులు

ఆల్బమ్ అనగానే మన ఆడవాళ్ళకి ముందు గుర్తొచ్చేది పెళ్ళి ఫోటోల పుస్తకమే. పాటలకి ఆ పేరు రావడం వెనకా ఒక పుస్తకమే ఉంది. పాతకాలం గ్రామఫోన్ ప్లేటు ఒక్కో వైపు మూడు నాలుగు నిమిషాలే పాడేది. పెద్ద కచేరీ వినాలంటే నాలుగైదు ప్లేట్లు కావాలి. వాటిని సంచుల్లాంటి పేజీలున్న అట్టల పుస్తకంలో పెట్టి అమ్మేవారు. 1948లో అమెరికాలో కొలంబియా కంపెనీ, ఒక్కో వైపు ఇరవై నిమిషాలకి పైగా పాడే ఎల్.పి. రికార్డు తెచ్చింది. పుస్తకం పోయినా పేరు మాత్రం మిగిలింది.

మన దేశంలో రికార్డుల కథ మొదట్లోనే ఆడగొంతు వినిపిస్తుంది. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ పాడింది. పాట చివర్న ఇంగ్లీషులో తన పేరు తనే చెప్పేది. సంసార స్త్రీలు నలుగురిలో నోరెత్తి పాడకూడదనే రోజులవి. అందుకే కంపెనీవాళ్ళు వెతుక్కుంటూ వెళ్ళింది తవాయిఫుల దగ్గరికీ, దేవదాసీ కుటుంబాలకీ. గడప లోపలికి రానివ్వని మనిషి గొంతుని మాత్రం డబ్బు పోసి కొని హాల్లో పెట్టుకున్నారు! ఆవిడ పాట ఇప్పుడు వింటే గరగరల మధ్య నాకు తెలిసేది ఆవిడ ధీమా. కుక్కర్ మూడు కూతలు వేసేలోపు రాగమంతా చుట్టేసి వస్తుంది.

తర్వాత మనందరికీ తెలిసిన గొంతు. దేవదాసీ పరంపరలో పుట్టిన మదురై వీణ విద్వాంసురాలు షణ్ముఖవడివు గారి కూతురు ఎం.ఎస్. సుబ్బులక్ష్మి. 1963లో వచ్చిన ఆవిడ వేంకటేశ సుప్రభాతం రికార్డు ఎన్నో ఇళ్ళకి అలారం అయిపోయింది. అందులో తోడుగా వినిపించే రెండో గొంతు రాధా విశ్వనాథన్‌ది. సదాశివం గారి మొదటి భార్య కూతురైనా, ఎం.ఎస్. పెంచిన బిడ్డే. నాకు ఆ రికార్డులో నచ్చేది సంగీతం కన్నా స్పష్టత. ఒక్క అక్షరం నలగదు. అందుకే సంస్కృతం రాని మా అత్తగారికి కూడా విని వినే నోటికొచ్చేసింది. కోడలి గొంతు హాల్లోకి వినపడకూడదనే ఇల్లు వాళ్ళది. రికార్డు మోగుతున్నంతసేపూ వంటింట్లో ఆవిడా పాడేవారట, ఎం.ఎస్. గొంతు కింద దాక్కుని.

ఘంటసాల గారి భగవద్గీత గురించి మాత్రం నాకో బాధ ఉంది. 1974లో పోయే ముందు, ఆఖరి రోజుల్లో పాడిన శ్లోకాలవి. మధ్యమధ్యలో తెలుగు తాత్పర్యం ఎంత నెమ్మదిగా చెబుతారో! అలాంటిదాన్ని మనం చావింటికి అంటగట్టేశాం. పొద్దున్నే పెడితే పక్కింటివాళ్ళు కంగారుగా తొంగి చూస్తారు. ఒక్కసారి ఏ చావూ లేని రోజు విని చూడండి.

1980లో వచ్చిన శంకరాభరణం దగ్గరికొస్తే, అందరూ బాలు గారి గురించే మాట్లాడతారు. తప్పులేదు, జాతీయ అవార్డు వచ్చింది. అదే సినిమాకి వాణీ జయరాం గారికి కూడా ఉత్తమ గాయనిగా జాతీయ అవార్డు వచ్చిందని ఎంతమందికి గుర్తుంది? తులసి పాత్ర లోపలి బెరుకూ భక్తీ నాకు ఆ గొంతులోనే వినిపిస్తాయి.

సరిగ్గా ఆ మరుసటేడే, 1981లో, డిస్కో దీవానే. పాడింది నాజియా హసన్ అనే పాకిస్తానీ అమ్మాయి, తమ్ముడు జోహెబ్‌తో కలిసి. పాటలు చేసింది బెంగుళూరులో పుట్టిన బిద్దూ. నాజియాకి అప్పటికి పదహారేళ్ళు అటూ ఇటూ. గమకాలు వెతక్కండి, ఉండవు. పల్చటి గొంతు, ఒకే రకం దరువు. నాలుగో పాటకి నాకు విసుగొస్తుంది కూడా. కానీ ఎవరినీ మెప్పించాలని లేని ఆ కులాసా అంతకుముందు మన ఆడపిల్లలు విన్నది కాదు. కాసెట్లు చవకైన కాలం కూడా అదే. మా అమ్మమ్మగారింట్లో గ్రామఫోన్ ముల్లు పెట్టడం తాతయ్య ఒక్కడి హక్కు. టేప్ రికార్డర్ వచ్చాక మీట ఎవరైనా నొక్కచ్చు. ఏ పాట వినాలో ఆడవాళ్ళు తమంతట తాము ఎంచుకోవడం మా ఇంట్లో అలా మొదలైంది.

ఇవన్నీ కంపెనీలు దాచిన గొంతులు. మా అత్తగారి లాంటివాళ్ళ గొంతు ఎవరూ దాచలేదు. మీ ఇంట్లో అమ్మో, అత్తయ్యో, పిన్నో ఉంటే ఈ ఆదివారం ఓ మంగళహారతి పాడమనండి. చేతిలో ఫోనుంది కదా, రికార్డు చేసి పెట్టుకోండి. "నాకేం వచ్చు" అని ముందు మొహమాటపడతారు. కాస్త ఓపిక పట్టండి, పాడతారు.