కళింగనగరమున స్థానిక సభలు: శాసన సాక్ష్యపు మేర

శ్రీకాకుళము జిల్లాలో వంశధార యెడమగట్టున నున్న శ్రీముఖలింగము నేడొక గ్రామము. తూర్పు గాంగుల రాజధాని యైన కళింగనగర మిదియే యని గిడుగు రామమూర్తిగారు శాసనాధారములతో ప్రతిపాదించిరి. కళింగపట్టణమును సూచించినవారును కలరు గాని, రామమూర్తిగారి మతమే యెక్కువగా అంగీకరింపబడినది. ఇట్టి నగరమున జనులు సభగా గూడి నిర్ణయములు చేసికొనిరా? మన పూర్వులు ప్రజాస్వామ్య పద్ధతిని పాలించుకొనిరని చెప్పుట పరిపాటి. ఆ మాటకు ఈ యూరి శాసనములు ఎంతవఱకు తోడ్పడునో పరిశీలింతము.

తొలి గాంగుల తామ్రశాసనములు పెక్కు కళింగనగరమునుండి వెలువడినవి. వానిలో రాజు తన యాజ్ఞను దానము చేయబడిన గ్రామమున కూడియున్న కుటుంబులకు, అనగా సేద్యము చేయు గృహస్థులకు, తెలుపును. పిదప గ్రహీత పేరు, పన్నుల మినహాయింపు, పొలిమేరలు వచ్చును. పుట్ట, చెట్టు, గుంట, మూడూళ్ల కూడలి - ఇవి ఎల్లల గుర్తులు. వీనిని చక్కగా ఎఱిగినవారు ఆ గ్రామస్థులే కాని రాజధానిలోని లేఖకులు కారు. వారి యెఱుక లేనిదే దానము నిలువదు. అయినను ఆ సభ విన్నది, సాక్షిగా నిలిచినది. నిర్ణయము మాత్రము రాజుదే.

ఇక శిలాశాసనములు. మధుకేశ్వరాలయమున 1078లో పట్టాభిషిక్తుడైన అనంతవర్మ చోడగంగుని కాలపు శాసనములు పెక్కు కలవు. ఇవి 1925లో దక్షిణభారత శాసనముల 5వ సంపుటమున ప్రకటింపబడినవి. చాలవఱకు అఖండదీప దానములు. దాత యెవరు, ఏ శకవర్షమున, ఏమి యిచ్చెను అనునవే వీనిలో ముఖ్యాంశములు. చర్చ యెట్లు సాగినది, ఎవరు కాదనిరి అనునది ఇందు వెదకుట వృథా. ఇవి సభావృత్తాంతములు కావు, ధర్మపత్రములు.

దీనికి భిన్నముగా, చోళమండలమున ఉత్తరమేరూరు శాసనములు (919, 921) గ్రామమును 30 భాగములుగా విభజించి, పేర్లు వ్రాసిన ఓలలను కుండలో వేసి తీసి, వారియముల సభ్యుల నేర్పఱచు విధమును వివరించుచున్నవి. లెక్కలు చెప్పనివాడు మరల సభ్యత్వమున కనర్హుడు. అయితే అది బ్రాహ్మణ గ్రామసభ; అర్హతకు భూమియు, విద్యయు కావలెను. అట్టి విధానము కళింగమున నుండెనని ఈ శాసనములను బట్టి చెప్పజాలము. శాసనములు మౌనము వహించినంతమాత్రమున సభలే లేవనుటయు తొందరపాటే.

నేటి పంచాయతీ మూలము వేఱు. 1884 నాటి మద్రాసు స్థానిక బోర్డుల చట్టము జిల్లా, తాలూకా బోర్డులను, యూనియన్ పంచాయతీలను కల్పించినది. శ్రీముఖలింగ మపుడు గంజాం జిల్లాలోనిది. 1964 చట్టము గ్రామపంచాయతీలను క్రమబద్ధము చేసెను. 1994 చట్టము గ్రామసభను ఏడాదికి కనీసము రెండు మారులు జరుపవలెనని విధించెను. ఈ వ్యవస్థ చట్టసభలనుండి వచ్చినదే కాని చోడగంగుని కాలమునుండి దిగివచ్చినది కాదు.

కాగా, పూర్వుల నుండి గ్రహింపదగిన దొకటి కలదు. ధర్మముగా ఇచ్చిన సొమ్ము లెక్క గుడిగోడపై, నలుగురు తిరుగుచోట, చెక్కబడినది. దాత పోయినను, రాజు మాఱినను ఆ లెక్క మాయలేదు. పంచాయతీ తీర్మానము పుస్తకమున నుండి పెట్టెలో దాగినచో, అది చట్టమునకు సరిపోవచ్చును. ఈ గోడల సంప్రదాయమునకు మాత్రము సరిపోదు. లేని ప్రజాస్వామ్యమును పూర్వులకు అంటగట్టుటకంటె, వారు నిజముగా పాటించిన ఈ బహిరంగతను నిలుపుకొనుట మేలు.