పాలారు నీళ్లూ, టానరీ జీతమూ

నేను తమిళంలో చదువుకున్నవాణ్ణి, రాతలో తప్పులుంటే మన్నించండి.

పాలారు కర్ణాటకలో నంది కొండల దగ్గర పుట్టి, కుప్పం పక్కగా ఆంధ్రలో కొంతదూరం నడిచి, మన వాణియంబాడి, ఆంబూరు మీదుగా పోతుంది. ఏట్లో నీళ్లు కనిపించేది తక్కువే. ఇసుక కింది నీరే మన కొబ్బరికీ వరికీ ఆధారం. టానరీలూ ఆ నీళ్ల మీదే బతికాయి.

మొదట్లో తంగేడు చెక్కతో తోళ్లు పదును చేసేవారు. (మనం ఇక్కడ ఆవారం అంటాం. తెలంగాణలో బతుకమ్మకు పేర్చే పువ్వు అదేనని నాకు రిటైరయ్యాకే తెలిసింది.) 1970ల్లో కేంద్రం పచ్చి తోళ్ల ఎగుమతి ఆపి, తయారైన తోలును ప్రోత్సహించింది. డాలర్లు వచ్చాయి. వాటితోబాటు ఏట్లోకి ఉప్పూ క్రోమియమూ పెరిగాయి.

మా నాయన బావి నీళ్లతో టీ పెడితే పాలు విరిగిపోయేవి. మా పెదనాయన కొడుకేమో టానరీలో సూపర్‌వైజరు. ఆ జీతంతోనే వాళ్ల చెల్లెలి పెళ్లి జరిగింది. పొంగలికి పక్కపక్క ఆకుల్లో కూర్చుని ఇద్దరూ ఏమని పోట్లాడతారు?

1996 ఆగస్టు 28న సుప్రీంకోర్టు వేలూరు కేసులో తీర్పిచ్చింది. కిలో తోలుకు సుమారు 35 లీటర్ల నీరు పోతుందనీ, దాదాపు 35,000 హెక్టార్ల సాగుభూమి కొంతో పూర్తిగానో పాడైందనీ అందులో ఉంది. తోళ్ల పరిశ్రమ తెచ్చే విదేశీ డబ్బును కోర్టు కాదనలేదు. పాడుచేసినవాడే నష్టం భరించాలంది. 2001లో వేలూరు జిల్లాలో 29,193 మందికి దాదాపు 26.82 కోట్ల పరిహారం లెక్కగట్టారు. గూడ్సు ఆఫీసులో లెక్కలు రాసిన అలవాటు కొద్దీ భాగించి చూశాను. సగటున తలకి 9,187 రూపాయలు. ఆ డబ్బుకి బావి తవ్వడం అటుంచి, పూడిక తీయించడం కూడా కష్టమే.

టానరీలు మూసేయమని నేననను, మనవాళ్లే ఎందరో అక్కడ అన్నం తిన్నారు. మురుగు శుభ్రం చేసే ఖర్చు మొదటినుంచీ టానరీ పద్దులో రాయాల్సింది. చాలా ఏళ్లు దాన్ని మా నాయన పద్దులో రాశారు.

2025 జనవరి 30న సుప్రీంకోర్టు మళ్లీ చెప్పింది: పరిహారం అందనివారికి ప్రభుత్వం ఆరు వారాల్లో ఇచ్చి, ఆ సొమ్ము కాలుష్యం చేసినవారి దగ్గర వసూలు చేసుకోవాలని. ఆ గడువు ఎప్పుడో దాటిపోయింది. మీ తాతల పేర్లు ఆ పాత జాబితాలో ఉన్నాయేమో చూడండి. పట్టా ఇంకా వాళ్ల పేరు మీదే ఉంటే వారసత్వ కాగితాలు సిద్ధం చేసుకోండి. మా నాయన పోయి ఇరవై ఏళ్లు దాటింది. పట్టా మాత్రం ఈ రోజుకీ ఆయన పేరు మీదే ఉంది. సోమవారం తాలూకా ఆఫీసుకి పోతున్నాను, ఎవరైనా తోడు వస్తే చెప్పండి.