ఆరింటికి ఆరూ పడుకున్నాయి

అలాస్కా, ఫెయిర్‌బ్యాంక్స్. నడి చలికాలం. విశ్వవిద్యాలయ ప్రయోగశాలలో ఒక నేల ఉడుత రెండు శీతనిద్రల మధ్య లేచి ఉంది. దానికి మందు ఇచ్చారు. కొంతసేపటికి అది పీల్చే ప్రాణవాయువు తగ్గుతూ వచ్చింది, దాని వెనకే ఒంటివేడి కూడా దిగడం మొదలుపెట్టింది. ఉడుత ముక్కు పొట్టలో దాచుకుని ఉండచుట్టుకుపోయింది. తర్వాత ఇంకొకటి, ఆపైన మరొకటి. ఆరింటికి ఆరూ!

చలికాలం మొదట్లో అదే మందు ఇస్తే ఆరింటిలో రెండే పడుకున్నాయి. వేసవిలో అయితే ఒక్కటీ లొంగలేదు.

మందు మారలేదు. మారింది మెదడు. తులసి జింకా, ఓయివిన్ టోయెన్, కెల్లీ డ్రూ 2011లో 'జర్నల్ ఆఫ్ న్యూరోసైన్స్'లో రాసిన పరిశోధన సారం ఇదే.

ఆ మందు ఎడినోసిన్‌లా పనిచేస్తుంది. ఎడినోసిన్ మనకూ కొత్తది కాదు. మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో పోగవుతూ, రాత్రికి కళ్లు మూతలుపడేలా చేసే పదార్థాల్లో అదొకటి. కాఫీ తాగితే మగత వదిలేదెందుకంటే, ఎడినోసిన్ వచ్చి అతుక్కోవలసిన చోటును కెఫీన్ ముందే ఆక్రమిస్తుంది. ఫెయిర్‌బ్యాంక్స్‌లో దీన్ని తిరగేసీ చూశారు. తమంతట తామే నిద్రలోకి జారుతున్న ఉడుతలకు, కెఫీన్ చుట్టమనదగ్గ మందు ఇస్తే, దిగుతున్న ఒంటివేడి మళ్లీ పైకెక్కింది. అంటే చలి ఉడుతను పడగొట్టడం లేదు. పడుకోవడానికి మెదడే నెలల తరబడి సిద్ధపడుతోంది. వేడి, వెలుతురు మార్చకుండా ఉంచినా కొన్ని నేల ఉడుతలు తమ కాలానికి తాము నిద్రకు పోతాయని 1957లోనే తేలింది.

ఆ నిద్ర లోతు నమ్మశక్యం కాదు. ఆర్కిటిక్ నేల ఉడుత ఒంటివేడి సున్నాకు దిగువన, మైనస్ 2.9 డిగ్రీల దాకా పోతుందని బ్రయన్ బార్న్స్ 1989లో చూపారు. అయినా రక్తం గడ్డకట్టదు. రెండు మూడు వారాలకోసారి ఒళ్లు వెచ్చబెట్టుకుని లేస్తుంది, మళ్లీ పడుకుంటుంది.

బస్తర్ ఎలుగుబంటికి ఈ శీతనిద్ర గొడవే లేదు. ఎలుగుబంటి చలికాలమంతా గుహలో పడుకుంటుందని బడిపిల్లలు చదువుకుంటారు గానీ, దంతెవాడ దారిలోని గీదం చుట్టుపక్కల అడవుల్లో తిరిగే ఎలుగుకు ఆ తీరిక ఎక్కడిది? డిసెంబరులోనూ దానికి చెదపుట్టలు దొరుకుతాయి. ఎండలు ముదిరేవేళకు ఇప్పపువ్వు రాలుతుంది. తెల్లవారుజామున బుట్టలతో వచ్చే మనుషులకూ, దానికీ అక్కడే పేచీ. తిండి ఉన్నచోట నిద్ర దేనికి? అలాస్కా నల్ల ఎలుగుకు ఆ అదృష్టం లేదు. అది నిద్రలో శరీర ఖర్చును పావువంతుకు తగ్గించుకుంటుందనీ, ఒంటివేడిని మాత్రం 30 డిగ్రీలకు దిగువకు పెద్దగా పోనివ్వదనీ టోయెన్ బృందం అదే 2011లో 'సైన్స్' పత్రికలో రాసింది.

డాక్టర్లకు ఇందులో ఆశ ఉంది. గుండె ఆగి బతికినవారి మెదడును కాపాడటానికి ఒంటిని చల్లబరచబోతే, శరీరం వణుకుతో ఎదురుతిరుగుతుంది. ఉడుత మెదడు ఆ వణుకునే ముందుగా ఆపేస్తుంది. జింకా, డ్రూ బృందం 2010లో ఎలుకల మీద పరీక్షించింది. ఎలుకలు శీతనిద్ర పోయే జాతి కాదు. అయినా రోజు విడిచి రోజు తిండి పెట్టిన ఎలుకల ఒంటివేడి అదే మందుకు, కడుపునిండా తిన్నవాటికంటే బాగా ఎక్కువగా పడిపోయింది.