కింద చుక్క కారలేదు

మూడో రోజు సాయంత్రం ఐదున్నర. తెనాలిలో మా ఇంటి వసారాలో యెజ్డీ స్టాండు వేసి ఉంది. పక్కన పాత పేపరు మీద నాలుగు ప్లగ్గులు, నాలుగూ నల్లగా తడిసి ఉన్నాయి. కిక్కు కొట్టీ కొట్టీ మెకానిక్ కుర్రాడికి ఎడమ పిక్క పట్టేసింది. మెట్టు మీద కూచుని రుద్దుకుంటున్నాడు.

"ఇంకొక్కసారి చూద్దామన్నా" అని లేచాడు. ఐదో ప్లగ్గు బిగించాడు. కొట్టాడు. భక్కుమని ఒక్క చప్పుడు వచ్చింది. రెండు సైలెన్సర్ల నుంచీ కాస్త పొగ వచ్చింది. మళ్లీ కొట్టాడు, ఏమీ లేదు. పదిసార్లు కొట్టాడు, ఏమీ లేదు.

లోపల మంచం మీద నుంచి నాన్న గొంతు వినిపించింది. "ఒరే, ఆ ప్లగ్గు తీసి ఇట్టా నా చేతికి ఇవ్వండి."

ఆ మాట మొదటి రోజే అని ఉంటే మాకు మూడు రోజులు కలిసొచ్చేవి. కానీ మొదటి రోజు ఆయన్ని అడగాలన్న ఆలోచన నాకు రాలేదు. నీటికాసులతో ఆయన చూపు పోయి పదకొండేళ్లయింది. బండి మూలపడీ పదకొండేళ్లే.

నాన్న పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా చేశాడు. ఏ అర్ధరాత్రో గేదెకు ఈత కష్టమైందని కబురొస్తే కాలువ గట్ల వెంట ఆ బండి మీదే వెళ్లేవాడు. వీధి మలుపులో డుబ్ డుబ్ డుబ్ అని వినపడగానే అమ్మ పొయ్యి మీద నీళ్లు పెట్టేది. మైసూరులో తయారైన బండి. చెక్ దేశపు జావా మోటారు సైకిళ్లను 1961 నుంచి ఐడియల్ జావా కంపెనీ అక్కడ తయారుచేసేది. తర్వాత వాటికే యెజ్డీ అని పేరు మార్చారు. 1996లో ఫ్యాక్టరీ మూతపడింది. రెండు సైలెన్సర్లు చూసి చాలామంది రెండు సిలిండర్లనుకుంటారు గానీ, ఉన్నది ఒకటే బోరు. దాని నుంచి పొగ బయటికి పోయే దారులే రెండు.

ఏటా జులైలో రెండో ఆదివారం పాత జావా, యెజ్డీల వాళ్లంతా బళ్లు బయటికి తీసి పండగ చేసుకుంటారు. ఈసారి మన బండీ రోడ్డెక్కాలని పట్టుబట్టింది నేనే. నెల ముందు నుంచే పని మొదలుపెట్టాను. టైర్లు మార్పించాను, కొత్త బ్యాటరీ వేయించాను. నల్లగా పాడైన గేరు ఆయిలు మొత్తం దించేసి కొత్తది నా చేత్తోనే పోశాను. ఈ ఆయిలు సంగతి తర్వాత పెద్దదవుతుంది.

కుర్రాడు పనిమంతుడే. కరెంటు, పెట్రోలు, కంప్రెషను, ఈ మూడూ వరసగా చూసుకుంటూ వచ్చాడు. మొదటి రోజంతా కరెంటుతోనే సరిపోయింది. ఈ బండికి స్పార్కు బ్యాటరీ నుంచే రావాలి. అందులో ఆరు వోల్టులు లేకపోతే ఎన్ని కిక్కులు కొట్టినా దండగే. బ్యాటరీ బాగానే ఉంది. కుడి పక్క మూత విప్పితే పాయింట్ల మీద బూజులాంటి పొర కనిపించింది. జీరో పేపరుతో రుద్ది, పాయింట్లు పూర్తిగా విచ్చుకున్నప్పుడు మధ్యలో ఫీలర్ గేజి రేకు దూర్చి సందు 0.4 మిల్లీమీటర్లకు సరిచేశాడు. ప్లగ్గును హెడ్డుకి ఆనించి కిక్కు కొడితే నిప్పు ఎర్రగా, నీరసంగా వచ్చింది. కండెన్సరు మార్చాక నీలంగా, టప్‌మని వచ్చింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

రెండో రోజు కార్బొరేటరు విప్పాం. పెట్రోలు ఏళ్ల తరబడి నిలవ ఉండి జిగురై, గిన్నె అడుగున తేనెపాకంలా గడ్డకట్టింది. జెట్టులోంచి వెలుతురు కనపడేదాకా కడిగి గాలి కొట్టాం. టాంకులో కొత్త పెట్రోలు పోసి, లీటరుకి 40 మిల్లీలీటర్ల చొప్పున టూటీ ఆయిలు కలిపాం. కిక్కు కొడితే ప్లగ్గు తడిసింది. అంటే పెట్రోలు అందుతోంది. కంప్రెషనూ గట్టిగానే ఉంది, కిక్కు రాడ్డు కాలిని ఎదురు తంతోంది. మూడూ ఉన్నాయి, బండి మాత్రం స్టార్టు కాదు.

"ఓవర్ అవుతోందన్నా" అన్నాడు కుర్రాడు. పెట్రోలు ఎక్కువవుతోందని అతని లెక్క. ఫ్లోటు సరిచేశాడు. ప్లగ్గు తుడిచి ఆరబెట్టాడు. మళ్లీ తడిసింది. పెట్రోలు కట్టేసి కొట్టాడు. అప్పుడూ తడిసింది! మేమిద్దరం అక్కడే ఆగి ఆలోచించాల్సింది. ఆగలేదు, కొత్త ప్లగ్గుల కోసం బజారుకి వెళ్లాం.

ఇప్పుడు నాన్న అరచేతిలో ఐదో ప్లగ్గు ఉంది.

దాన్ని ఆయన ముందు అటూ ఇటూ తిప్పాడు. మొన మీది తడిని బొటనవేలితో తీసి, చూపుడువేలితో కలిపి నెమ్మదిగా రాశాడు. ఆగాడు. రెండు వేళ్లూ విడదీసి మళ్లీ కలిపాడు. ఆ వేళ్ల మధ్య సన్నని తీగ సాగడం నేను చూశాను. ఆయనకు చూడాల్సిన పని లేదు. తర్వాత వేళ్లు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"పెట్రోలైతే ఈపాటికి ఆరిపోవాలిరా. ఇది ఆరట్లేదు. టూటీ ఇంత చిక్కగా ఉండదు, ఈ వాసనా దానిది కాదు. గేరు ఆయిలిది."

"గేరు ఆయిలు ప్లగ్గు మీదికెందుకొస్తుంది తాతగారూ?" అన్నాడు కుర్రాడు.

నాన్న జవాబు చెప్పలేదు. "గేరు బాక్సులో ఎంతుందో చూశారా?"

చూడలేదు. నెల కిందట నేనే నిండా పోశాను కదా. కుర్రాడు లెవెలు స్క్రూ విప్పాడు, చుక్క రాలేదు. అడుగు బోల్టు విప్పి చిప్ప పెడితే సగం కూడా రాలేదు. బండి కింద వేసిన అట్టముక్క నెల నుంచీ అక్కడే ఉంది, దాని మీద ఒక్క మరక లేదు. బయటికి కారని ఆయిలు ఎక్కడికి పోయినట్టు?

"పొట్టలోకి" అన్నాడు నాన్న.

ఇక్కడ కాస్త వివరంగా చెప్పాలి. ఇప్పటి బళ్లలో చాలావాటికి పిస్టన్ కింద ఉండే గది ఆయిలు నిలవుండే చోటు. టూ స్ట్రోక్ బండికి అది ఊపిరితిత్తి. పిస్టన్ పైకి లేచినప్పుడు కింద క్రాంక్ గదిలో ఖాళీ ఏర్పడి, ఆ లాగుడికే కార్బొరేటరు నుంచి గాలీ పెట్రోలూ అందులోకి వస్తాయి. పిస్టన్ దిగేటప్పుడు ఆ మిశ్రమం ఒత్తిడికి గురై పక్క దారుల గుండా పైకి, మంట అంటుకునే చోటికి చేరుతుంది. అందుకే ఆ గదికి ఎక్కడా గాలి దూరే సందు ఉండకూడదు. ఉన్న చిక్కల్లా క్రాంక్ ఇరుసు రెండు పక్కలా గోడ దాటి బయటికి రావడమే. అక్కడ చెరో రబ్బరు ఆయిల్ సీలు కాపలా కాస్తుంది. ఎడమ సీలుకు అవతలే క్లచ్చూ, చైనూ గేరు ఆయిల్లో తడుస్తూ తిరుగుతుంటాయి. పదకొండేళ్లు కదలకుండా ఉంటే రబ్బరు ఎండి, పెదవి బిరుసెక్కి ఇరుసును వదిలేస్తుంది. అప్పుడు పిస్టన్ పైకి లేచిన ప్రతిసారీ పెట్రోలుతోపాటు గేరు ఆయిల్నీ లాక్కుంటుంది. మేం మూడు రోజులు కొట్టిన వందల కిక్కులూ ఆయిల్ని లోపలికి తోడిపోశాయి. ప్లగ్గు బయట పెట్టినప్పుడు నీలి నిప్పు కొట్టిందంటే తుడిచి పెట్టాం కాబట్టి. లోపల ఆయిలు పులుముకున్నాక నిప్పు దూకదు. కొత్త ప్లగ్గు పెట్టినప్పుడల్లా భక్కుమని ఒక్కసారే అందుకే అంది.

"నోరులేని గొడ్డుకి జబ్బేదో పేడ చెబుతుంది, ఊపిరి వాసన చెబుతుంది. మీరు తలకాయి మాత్రమే చూస్తున్నారు" అన్నాడు నాన్న. విసుగ్గా కాదు, పాఠం చెప్పినట్టు అన్నాడు.

టాంకు దించి, హెడ్డూ బోరూ పైకెత్తాం. టార్చి వేసి చూస్తే కనెక్టింగ్ రాడ్డు చుట్టూ నల్లటి ఆయిలు మడుగు కట్టి ఉంది. గుడ్డలు ముంచి పిండుతూ తీస్తే, నెల కిందట నేను పోసినదాంట్లో చాలా భాగం చిప్పలోకి వచ్చింది. కుర్రాడు మౌనంగా చిప్ప వంక చూసి, "తాతగారూ, నాకు తట్టనే లేదండీ" అన్నాడు.

మర్నాడు ఎడమ మూత విప్పి, పుల్లరుతో చిన్న పళ్లచక్రాన్ని వదులు చేసి, దాన్నీ క్లచ్చునీ చైనునీ ఒకటిగా బయటికి తీశాం. వెనకే సీలు ఉంది. వేలితో నొక్కితే బాకెలైటు ముక్కలా గట్టిగా తగిలింది. కొత్త దానికి గ్రీజు రాసి, చెక్క ముక్క ఆనించి చుట్టూ సమానంగా తట్టుకుంటూ కూచోబెట్టాడు కుర్రాడు. పని పడింది కదా అని కుడి పక్కదీ మార్చేశాం. అన్నీ బిగించి, ఆయిలు పోసేసరికి చీకటి పడింది.

నాన్నని చెయ్యి పట్టుకుని వసారాలోకి తీసుకొచ్చాను. ఆయన చెయ్యి తడుముకుంటూ సీటు మీదుగా ఎడమ పక్కకి దిగి గేరు రాడ్డు దగ్గర ఆగింది. ఈ బండికి గేరు రాడ్డే కిక్కు రాడ్డు కూడా. లోపలికి నొక్కి పైకి తిప్పితే కిక్కవుతుంది. చూడకుండానే నొక్కి, తిప్పి, "కొట్టబ్బాయ్" అన్నాడు.

మొదటిది పలకలేదు. రెండోదానికి భక్కుమంది. మూడోదానికి అందుకుంది.

డుబ్ డుబ్ డుబ్ డుబ్. వీధంతా తెల్లటి పొగ కమ్మేసింది. ఎదురింటి వాళ్లు కిటికీలు వేసేసుకున్నారు. వంటింట్లో ఏదో గిన్నె కింద పెట్టిన చప్పుడైంది. అమ్మ గడప దాకా వచ్చి నిలబడింది.

కుర్రాడు కంగారుపడ్డాడు. "ఇంత పొగేంటి తాతగారూ?"

"సైలెన్సర్లలో మిగిలిన ఆయిలు కాలాలి కదా. ఆపబాకు, అట్టా తిరగనీ."

నాన్న సైలెన్సర్ల వెనక కుర్చీ వేయించుకుని కూచున్నాడు. పొగ మొహానికి కొడుతున్నా కదల్లేదు. కొంచెం సేపయ్యాక గాలి పీల్చి, "ఇంకా గేరు ఆయిలే" అన్నాడు. ఇంకొంచెం సేపటికి తల అడ్డంగా ఊపాడు. పావుగంట దాటింది. పొగ పలచబడి, వీధి దీపం మసగ్గా కనపడసాగింది. ఆయన మళ్లీ పీల్చాడు, ఈసారి నిండా పీల్చాడు.

"ఆఁ, ఇప్పుడు టూటీ."

కుర్చీ చేతులు పట్టుకుని లేచి, గడప వైపు తిరిగాడు.

"ఏమేవ్, నా చెప్పులెక్కడ పెట్టావు?"