తరగతిలో పిల్లలు చేసే వీడియోలు: పంచుకునే ముందు

పిల్లలు ఫోనులో చూసే పాఠాల గురించి మన సంఘాలలో తరచూ మాట్లాడుకుంటాము. ఫోనుతో పిల్లలే తయారుచేసే పాఠాల గురించి తక్కువ. మేము చెప్పదలచినది ఆ రెండవదే.

విశాఖలో ఇందుకు సరుకు కొదవ లేదు. 1933 అక్టోబరు 7న జలదుర్గ అనే ఓడ రాకతో మన ఓడరేవు మొదలైంది. ఉక్కు కర్మాగారం కోసం 1966లో ఉద్యమం జరిగింది, 1971లో శంకుస్థాపన అయింది. ఆ రోజులు ఎరిగిన తాతయ్య మాటలను తొమ్మిదో తరగతి పిల్లవాడు రికార్డు చేసి, వికీమీడియా కామన్స్‌లోని ఫొటోలు చేర్చి, కాన్వాలోనో గూగుల్ స్లైడ్స్‌లోనో కూర్చవచ్చు. గంట మాటల్లో ఏ రెండు నిమిషాలు ఉంచాలో తేల్చుకోవడంలోనే అసలు చదువు ఉంది. తాతయ్య చెప్పిన సంవత్సరం పుస్తకంతో కలవకపోతే మరీ మంచిది, వెతుకుతాడు. ఫొటో తీసినవారి పేరు, లైసెన్సు రాయించండి. వెనుక సినిమా పాట పెట్టే సరదా మాన్పించండి, దానికి హక్కుదారులుంటారు.

ఈ ఊరికి ప్రత్యేకంగా ఒక మాట. ఇది తూర్పు నౌకాదళ కేంద్రం. నిషేధిత స్థలాల దగ్గర ఫోను జేబులోనే ఉండాలి. ఇంటి వరండాయే చక్కని స్టూడియో.

ఇక పంచుకోవడం. ఇక్కడే టీచర్లు, సండే స్కూలు పెద్దలు తొందరపడుతున్నారని మా అభిప్రాయం. యూట్యూబ్‌లో 'అన్‌లిస్టెడ్' అని పెడితే తాళం వేసినట్టు కాదు. లింకు చేతికి వచ్చిన ఎవరైనా చూడగలరు. ప్యాడ్‌లెట్ బోర్డుకూ ఎవరు చూడవచ్చో ముందే నిర్ణయించాలి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండనివారంతా పిల్లలే. వారి వివరాలు వాడుకోవడానికి తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటుందా చట్టం. యూనిఫాం మీది బడి పేరు, పిల్ల ముఖం, ఆమె పేరు ఒకే వీడియోలో కలిస్తే కొత్తవాడికి ఆమె చిరునామా సగం తెలిసినట్టే. క్రిస్మస్ నాటికల లైవ్‌కూ ఇదే వర్తిస్తుంది.

అనుమతి పత్రం తెలుగులో, ఒక్క పేజీలో ఉండాలి: వీడియో ఎక్కడ పెడతాము, ఎవరు చూస్తారు, ఎప్పుడు తీసేస్తాము. వద్దన్న తల్లి బిడ్డకు గొంతు మాత్రమే వినిపించే భాగం ఇవ్వండి, మార్కులు తగ్గించకుండా. తాతయ్యకు కూడా ముందు వినిపించి, ఆయన తీసేయమన్న మాట తీసేయండి.