పర్ణశాల దారిలో భోజనం, ఒక పితూరీ

హైదరాబాదు నుంచి భద్రాచలం, పర్ణశాల, పాపికొండలు. మన ఐటీ జనాల్లో చాలామంది ఒక్కసారైనా చేసిన టూరే. పర్ణశాలలో సీతమ్మ చీర ఆరేసిందని చెప్పే రాళ్ళు చూసి, ఫోటోలు దిగి బస్సెక్కగానే ఎవరో ఒకరు అడుగుతారు: "ఇక్కడ లోకల్ ఫుడ్ ఏంటి బాస్?" గైడు దగ్గర జవాబు రెడీ. బొంగులో చికెన్.

బాగుంటుంది, కాదనను. పచ్చి వెదురు బొంగులో మసాలా పట్టించిన కోడిని కూరి, ఆకుతో మూతి బిగించి నిప్పుల మీద తిప్పుతారు. నూనెతో పనిలేదు. కానీ ఈ ఒక్క వంటకి "గిరిజన భోజనం" అని బోర్డు కట్టేసి చేతులు దులుపుకోవడమే నాకు మింగుడు పడదు.

హైమెన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా పండితుడు 1940ల మొదట్లో పాపికొండల కొండరెడ్ల మధ్య తిరిగి, 1945లో వాళ్ళ మీద పెద్ద పుస్తకం వేశాడు. అందులో కనబడే తిండి వేరు. పోడులో పండిన జొన్నలు, సామలు అయిపోయాక తవ్వుకునే అడవి దుంపలు. జీలుగు చెట్టు కొట్టి, లోపలి గుజ్జు దంచి తీసిన పిండి. మామిడి టెంకల్లో జీడిని ఎండబెట్టి, దంచి, నీళ్ళలో వగరు పోగొట్టి కాచిన అంబలి. ఇవి రుచి కోసం పుట్టినవి కావు, ఆకలి నెలలు దాటించినవి. (రాముడు తిన్న కందమూలాలంటే మనకి భక్తి. అవే ఇంకొకరు తింటే వెనకబాటుతనం!)

అదే జీలుగు చెట్టు కల్లు కూడా ఇస్తుంది. ఎండాకాలం మన్యంలో కల్లంటే సరదా కాదు, సగం భోజనం. దాని మీద రంప మన్సబుదారు చిగురుపన్ను వేశాడు. ఆపైన ఆబ్కారీ చట్టం వచ్చి కల్లు హక్కుల్ని కాంట్రాక్టర్లకి కట్టబెట్టింది, ఇంటి వాడకానికి గీసుకున్నా తప్పే అంది. 1879 మార్చిలో రంప పితూరీ లేచింది. కారణాలు ఇంకా ఉన్నాయిగానీ కల్లు పన్ను ముఖ్యమైనది. అదే ఏడాది అది భద్రాచలం తాలూకా రేకపల్లికీ పాకింది. 1874లో సెంట్రల్ ప్రావిన్సెస్ నుంచి మద్రాసు కిందకి మారాక అక్కడ పోడు పన్ను పెరిగింది మరి. అల్లూరి సీతారామరాజు 1922లో తిరగబడ్డాడని సినిమాల పుణ్యమా అని మనకి తెలుసు. అంతకి 43 ఏళ్ళ ముందు మనుషులు చచ్చింది తమ తిండీ తాగుడూ కోసం.

ఆ రేకపల్లి ప్రాంతం 1959లో ఖమ్మం జిల్లాలో కలిసింది, 2014లో పోలవరం ముంపు పేరుతో ఆంధ్రప్రదేశ్‌కి పోయింది. జనాన్ని పునరావాస కాలనీలకి తరలిస్తున్నారు. పరిహారం లెక్కల్లో ఇల్లు ఉంది, పొలం ఉంది. అడవిలో జీలుగు చెట్టుని ఏ పద్దులో వేస్తారు?

ఇక టూరు సంగతి. నలభై మంది ఒకేసారి దిగి అరగంటలో వడ్డించమంటే ఎవరైనా పెట్టేది బ్రాయిలర్ కోడీ, సోనా మసూరీనే. అడవి తిండికి సీజనుంది, అదీ కొద్ది కొద్దిగా దొరుకుతుంది. మార్చి, ఏప్రిల్లో తెల్లవారుజామున ఇప్పపూలు రాలతాయి, వానలు పడితే వెదురు కొమ్ములు మొలుస్తాయి. నలుగురైదుగురు ముందురోజే ఊళ్ళో ఎవరికైనా చెప్పి, అడిగిన డబ్బులిచ్చి, ఆ పూట ఇంట్లో ఏం వండుకుంటే అదే పెట్టమనండి. అంబలి పోస్తే మాత్రం స్పూన్ అడక్కండి.