పాటెప్పుడు మొదలైతది?

పోయిన దసరాకి ఊరెళ్ళినప్పుడు అమ్మకి నా ఆల్బమ్ వినిపించాను. తుంగతుర్తిలో మా ఇంటి అరుగు మీద, మధ్యాహ్నం అన్నాలయ్యాక, అరచేతిలో పట్టే బ్లూటూత్ స్పీకర్ పెట్టి. 7 ట్రాకులు, 31 నిమిషాలు, అంతా గిటారే. రెండో ట్రాక్ సగంలో ఉండగా అమ్మ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ అడిగింది: "మంచిగనే ఉంది గనీ, పాటెప్పుడు మొదలైతదిరా?"

ఇదే పాటమ్మా అన్నాను.

"గిదా?" అని ఇంకో చిక్కుడుకాయ అందుకుంది. నాయిన మాత్రం కళ్ళు మూసుకుని చివరిదాకా విన్నాడు. నిద్రపోయాడేమో అని నాకు ఇప్పటికీ అనుమానమే.

నేను గిటార్ ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. ఇంజినీరింగ్ హాస్టల్లో సీనియర్ వదిలేసిపోయిన గిటార్‌తో మొదలైంది. ఉద్యోగంలో చేరాక దిల్‌సుఖ్‌నగర్‌లోని గదిలో, ఫ్యాన్ ఆపేసి, కింద హోటల్ మూసేశాక, రాత్రి పన్నెండు దాటాక రికార్డ్ చేసుకున్నాను. తర్వాత ఒక డిస్ట్రిబ్యూటర్ సైట్‌కి ఏడాదికింత అని కట్టి అప్‌లోడ్ చేశాను. ఆ ఫారంలో ఒక గడి ఉంటుంది, భాష ఏమిటని. జాబితాలో తెలుగు ఉంది. నా మూడో ట్రాక్‌లో నడిచే లయ 2025 ఫిబ్రవరిలో దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరలో ఫోన్‌లో పట్టుకొచ్చిన భేరీలది. ఐదోది బతుకమ్మ చప్పట్లది. కాబట్టి తెలుగే నొక్కాను. వెంటనే సాహిత్యం ఇవ్వమంది. లేదు కాబట్టి వెనక్కి వచ్చి 'ఇన్‌స్ట్రుమెంటల్' నొక్కాల్సి వచ్చింది. ఫారం లెక్కలో నా ఆల్బమ్‌కి భాష లేదు.

మూడు నెలల్లో 214 సార్లు వినబడింది. అందులో మూడోవంతు నేనే. 61 మంది ఫాలోవర్లలో ఎక్కువమంది నా బ్యాచ్‌వాళ్ళు, వాళ్ళు నొక్కింది స్నేహం కొద్దీ. చిన్న చిన్న వీడియోలు పెట్టాను, ప్లేలిస్టులు నడిపేవాళ్ళకి మెయిళ్ళు రాశాను, జవాబు లేదు. చివరికి ఒక ఫ్రెండ్ అన్నాడు: "అరే, ఒక్క సినిమా పాట వాయించు. దాని వెనకాల వస్తరు జనం." నాకు కోపం వచ్చింది. కోపం తగ్గాక వాడి మాట ఎంతవరకు నిజమో చూద్దామని చదవడం మొదలుపెట్టాను. మనవాళ్ళు మాట లేని సంగీతాన్ని ఎప్పుడు, ఎందుకు విన్నారు?

మా ఊరి నుంచే మొదలుపెడితే, ఈ ప్రశ్నకి ఇంతకన్నా మొండి చోటు దొరకదు. తుంగతుర్తి అంటే మాట మీద నడిచిన నేల. భీమిరెడ్డి నర్సింహారెడ్డి, ఆయన చెల్లెలు మల్లు స్వరాజ్యం, ఇద్దరిదీ మా పక్కనున్న కర్విరాల కొత్తగూడెమే. సాయుధ పోరాటం రోజుల్లో ఊరూరా తిరిగి ఉయ్యాల పాటలు కట్టి పాడిన మనిషి స్వరాజ్యం. 1978లో, మళ్ళీ 1983లో తుంగతుర్తి నుంచే ఎమ్మెల్యే అయ్యారు. ఆమె ఆత్మకథ పేరే 'నా మాటే తుపాకీ తూటా'. మాటని తూటాతో పోల్చుకున్న చోట నుంచి వచ్చి, నేను అసలు మాటే లేకుండా 31 నిమిషాలు వాయించి వినమంటున్నాను!

కానీ ఆ పాటల చరిత్రని కొంచెం దగ్గరగా చూస్తే నాకు పనికొచ్చే సంగతి ఒకటి దొరికింది. ఆ మాటలన్నీ కొత్తవి. దొర, వెట్టి, సంఘం, తుపాకీ ఇవేవీ అంతకుముందు పాటల్లో ఆ రకంగా లేవు. బాణీలు మాత్రం పాతవి. ఉయ్యాల పాట వరస బతుకమ్మ ఆడే ప్రతి ఆడమనిషికీ ముందే వచ్చు. సుద్దాల హనుమంతు గొల్లసుద్దుల్ని తీసుకుని పార్టీ ప్రచారానికి వాడుకున్నాడు. గొల్లసుద్దులు వినడానికి జనం కూర్చోవడం ఆయనతో మొదలు కాలేదు, అప్పటికి ఎన్ని తరాలుగానో కూర్చుంటున్నారు. అంటే ఈరోజు మనం ఫాలోయింగ్ అంటున్నది ఆ బాణీకి ముందే ఉంది. కొత్త మాట దాని బండెక్కి ఊళ్ళోకి వచ్చింది. ఇది చదివాక నా పరిస్థితి ఇంకా బాగా అర్థమైంది. నా దగ్గర పాత బాణీ లేదు, కొత్త మాటా లేదు.

ఇక రెండోవైపు, మాట లేకుండానే జనం విన్నవి. పెళ్ళి ఊరేగింపులో బ్యాండు మేళం వాయించేది సినిమా పాటలే. క్లారినెట్ ఎత్తుకోగానే చుట్టూ ఉన్నవాళ్ళ నోళ్ళలో మాటలు కదులుతుంటాయి. వాయిద్యం సగం వాయిస్తే వినేవాడు మిగతా సగం నింపుతాడు. గిటార్ మన దేశంలో రికార్డుల మీదికెక్కి అమ్ముడుపోయింది కూడా చాలావరకు ఈ దారిలోనే. లక్నోలో పుట్టిన వాన్ షిప్లీ, కలకత్తా సునీల్ గంగూలీ, ఇద్దరూ హవాయన్ గిటార్ మీద హిందీ సినిమా పాటలు వాయించి పేరు తెచ్చుకున్నారు. ఆ రికార్డులు కొన్నవాళ్ళు గిటార్ కోసం కొన్నారా, లతా మంగేష్కర్ పాటని ఇంకోసారి ఇంకోరకంగా వినడానికి కొన్నారా అంటే, నేను రెండోదే అంటాను. ఇవాళ వీణ శ్రీవాణి సినిమా పాటల వీడియోలకి వచ్చే లక్షల వ్యూస్ కూడా ఆ వంశంలోవే. చిన్నచూపుతో అనడం లేదు. వినేవాడికి ఒక తలుపు తెరిచిపెట్టడం అది.

శాస్త్రీయంలో వేరే కథ ఉంటుందనుకున్నాను. లేదు. పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ మాండలిన్ పట్టినప్పుడు ఆ వాద్యానికి కర్ణాటక సంగీతంలో చోటే లేదు. గిటార్‌కి చుట్టమే కదా, అందుకే ఈయన సంగతి నాకు ప్రత్యేకం. గురువు రుద్రరాజు సుబ్బరాజుకి మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడితే పిల్లాడు దాన్ని తీగల మీదికి తెచ్చుకునేవాడు. ఎనిమిది తీగలు తీసేసి ఐదు తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ చేసుకున్నాడు. 1978లో గుడివాడ త్యాగరాజ ఉత్సవాల్లో మొదటి కచేరీ చేసేసరికి తొమ్మిదేళ్ళు. వాద్యం కొత్తదే, కానీ అందులోంచి వచ్చింది త్యాగరాజు. సభలో కూర్చున్న పెద్దవాళ్ళకి ఆ కీర్తనలు నోటికొచ్చు. పాట విని నేర్చుకున్నాడు కాబట్టి ఆ తీగల్లో సాహిత్యం నొక్కులు కూడా వినిపించేవి. ఆ పిల్లాడి ప్రతిభని తగ్గించి చెప్పడం కాదిది, ప్రతిభకి లోపలికి వెళ్ళే దారి కూడా కావాలి కదా అంటున్నాను.

కాకినాడ చిట్టిబాబు కొంచెం తేడా. కోయిల కూతని వీణ మీద పలికించిన సొంత రచన ఆయనకి పెద్ద పేరు తెచ్చింది. అదేమీ కీర్తన కాదు, సినిమా పాట కాదు. కానీ కోయిల! వినేవాడికి అక్కడా పట్టుకోవడానికి ఒక కొమ్మ ఉంది. ఇళయరాజా అయితే 1986లో త్యాగరాజుకీ బాఖ్‌కీ అంకితమిచ్చి చేసిన వాద్య ఆల్బమ్‌కి పేరేం పెట్టాలో తెలియదన్నట్టు 'హౌ టు నేమ్ ఇట్?' అని పెట్టాడు. అప్పటికి ఆయన ఇళయరాజా. ఏ పేరు పెట్టినా కొనేవాళ్ళున్నారు. నా ట్రాకులకి నేను 'మాఘం', 'బస్టాండ్', 'రాత్రి 12' అని పెట్టాను. ఎవరూ అడగలేదు ఎందుకని.

ఈ లెక్కకి అందని ట్యూన్ ఒకటుంది. ఆకాశవాణి సిగ్నేచర్ ట్యూన్. మాట లేదు, సినిమా కాదు, కీర్తన కాదు, ఏ కోయిలనీ అనుకరించదు. అయినా దేశంలో దానంత మందికి తెలిసిన వాద్య సంగీతం ఇంకోటి లేదేమో. దాన్ని కట్టింది వాల్టర్ కాఫ్‌మన్ అంటారు. నాజీల బారి నుంచి తప్పించుకుని 1934లో బొంబాయి చేరిన యూదు సంగీతకారుడు, తర్వాత అక్కడి రేడియోలో పనిచేశాడు. ఆ ట్యూన్ వినాలని ఎవరూ రేడియో పెట్టలేదు. వార్తల కోసం, ధరల కోసం, భక్తిరంజని కోసం పెట్టారు. అది ముందొచ్చేది. పొయ్యి ముట్టించడానికో పశువుల దగ్గరికెళ్ళడానికో అదొక గుర్తు. మా నాయిన ఇప్పటికీ దాన్ని తప్పు లేకుండా ఈల వేస్తాడు. కట్టినవాడి పేరు నేను చెప్పేదాకా ఆయనకి తెలియదు, చెప్పాక కూడా పెద్దగా పట్టించుకోలేదు.

మంగళ వాయిద్యాల క్యాసెట్ కూడా ఇలాంటిదే. 1980ల్లో క్యాసెట్ చవకై గ్రామఫోన్ కంపెనీల పెత్తనం పోయాక, మన దగ్గర ఎవరి పాట వాళ్ళు విడుదల చేసుకోవడం మొదలైంది. జాతర దుకాణాల్లో దేవుళ్ళ పాటలు, చేతులు మారుతూ కాపీ అయిన గద్దర్ పాటలు. సెల్ఫ్ రిలీజ్ అన్న మాట మనకి కొత్త గానీ పని పాతదే. ఆ క్యాసెట్ల గుట్టలో మాటల్లేనివి వెతికితే దొరికేది ఎక్కువగా సన్నాయి, డోలు. ప్రతి టెంట్‌హౌస్ వాడి దగ్గరా ఉండేది. తాళి కట్టేటప్పుడు లక్షల పెళ్ళిళ్ళలో మోగింది. వాయించిందెవరో ఏ పెళ్ళికొడుక్కీ తెలియదు.

మరి పాత పాట లేకుండా, సందర్భం లేకుండా, పేరు లేకుండా ఎవరైనా గిటార్ ఆల్బమ్ వేసుకున్నారా అని బయటికి చూస్తే అమెరికాలో జాన్ ఫాహీ కనబడ్డాడు. 1959, వయసు 20. రాత్రిళ్ళు పెట్రోల్ బంకులో పని. మేరీల్యాండ్‌లో తన ఊరు టకోమా పార్క్ పేరు మీద టకోమా అని లేబుల్ పేరు రాసుకుని 100 కాపీలు అచ్చువేయించాడు. అట్టకి ఒకవైపు తన పేరు, ఇంకోవైపు 'బ్లైండ్ జో డెత్' అనే లేని బ్లూస్ ముసలాయన పేరు. తన పేరుకి గిరాకీ లేదని తెలుసు, లేని మనిషికైనా ఉండకపోతుందా అనుకున్నట్టున్నాడు. కొన్ని జానపద సంగీత పండితులకి పంపాడు, వాళ్ళలో కొందరు అలాంటి గాయకుడు నిజంగానే ఉన్నాడని నమ్మారు కూడా. కొన్ని ఊరికే ఇచ్చేశాడు. నాకు బాగా నచ్చిన ముక్క ఇది: కొన్నింటిని తీసుకెళ్ళి పాత సామాన్లు అమ్మే షాపుల్లో, రికార్డు షాపుల బ్లూస్ అరల్లో ఎవరూ చూడకుండా పెట్టి వచ్చేశాడు. షాపులోంచి ఎత్తుకెళ్ళేవాళ్ళ గురించి విన్నాం గానీ, షాపులోకి దొంగతనంగా పెట్టి వచ్చేవాడు! ఆ వంద అయిపోవడానికి మూడేళ్ళు పట్టిందంటారు. తర్వాత అవే ట్యూన్లని 1964లో, 1967లో మళ్ళీ రికార్డ్ చేసి వేశాడు. ఫాహీ 2001లో పోయాడు. ఆ ఆల్బమ్ ఇప్పుడు అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వారి జాతీయ రికార్డింగుల జాబితాలో ఉంది. జాబితాలో చేర్చేనాటికి ఆయన లేడు.

నాకు వంద కాపీల ఖర్చు కూడా లేదు. ఎన్ని కావాలంటే అన్ని ఉన్నాయి, అదే తంటా. 2024 నుంచి స్పాటిఫైలో ఒక ట్రాక్ పన్నెండు నెలల్లో 1,000 సార్లు వినబడకపోతే రాయల్టీ లెక్కలోకే రాదు. 30 సెకన్లు దాటితేనే ఒకసారి విన్నట్టు. నా మూడో ట్రాక్‌లో భేరీలు మొదలయ్యేదే 40వ సెకన్‌కి.

ఫ్రెండ్ మాట మన్నించి ఒక ఇళయరాజా పాట వాయించి వీడియో పెట్టాను. వారంలో తొమ్మిది వేల మంది చూశారు. ఆల్బమ్ లింక్ కిందే ఉంది. అక్కడి నుంచి వచ్చినవాళ్ళు పదకొండు మంది. బాధపడ్డానని చెప్పను, ఆ పదకొండుని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నాను.

ఆ తర్వాత మాఘంలో చుట్టాలింట్లో ఓణీల ఫంక్షన్‌కి ఊరెళ్ళాను. ఫాహీ గుర్తొచ్చి పెన్‌డ్రైవ్ జేబులో వేసుకున్నాను. మైక్‌సెట్ అన్న దాన్ని పెట్టి, రెండు ట్రాకులు ముందుకి జరిపి చూసి, "పాటల్లేవా తమ్మీ?" అన్నాడు. లేవన్నా అన్నాను. "సరే తియ్, అన్నాలప్పుడు ఏద్దాం" అన్నాడు.

మూడు వందల మంది బగారా అన్నం తింటుంటే నా గిటార్ మోగింది. ఎవరూ తలెత్తలేదు. నేను మాత్రం విస్తరి ముందు కూర్చుని ముద్ద మింగలేకపోయాను. భేరీల ట్రాక్ వచ్చినప్పుడు వడ్డించే పిల్లాడొకడు చేతిలో గరిటెతో బకెట్ అంచు మీద రెండు దెబ్బలు సరిగ్గా లయకే వేసి వెళ్ళిపోయాడు. చేతులు కడుక్కునే చోట మా పెద్దనాయిన అడిగాడు: "గా మ్యూజికు ఏ సిన్మలదిరా?"

"సిన్మలది కాదు పెద్దనాయినా, నేనే కొట్టిన."

"అట్లనా," అని తువ్వాలతో మూతి తుడుచుకున్నాడు. "మరి పాటెవలు రాస్తున్నరు?"

మొన్న అమ్మ ఫోన్ చేసింది. సామాన్లు తోముతూ స్పీకర్‌లో పెట్టి మాట్లాడటం ఆమెకి అలవాటు. మధ్యలో పక్కింటివాళ్ళెవరో వస్తే అటు తిరిగింది, నేను లైన్‌లో ఉన్నట్టు మర్చిపోయింది. వాళ్ళు వెళ్ళాక తోముతూ ఏదో కూనిరాగం తీసింది. నాలుగు చరణాలు గడిచాక గానీ గుర్తుపట్టలేదు, అది నా ఐదో ట్రాక్. చరణం చివర నేను ఖాళీగా వదిలేసిన రెండు మాత్రల చోట ప్రతిసారీ 'ఉయ్యాలో' అంటోంది. ఆ ఖాళీ అసలు నేను రికార్డింగ్‌లో లెక్క తప్పడం వల్ల వచ్చింది. అమ్మకి చెప్పలేదు. ఫోన్ పెట్టేయకుండా, ఆమె మిగతా గిన్నెలు కడిగేదాకా విన్నాను.